వెనక మర తిప్పితే ముందు తేలిక!

పిల్లలూ! ధాన్యం బస్తాలు వేసుకుని పోయే ఎడ్లబండిని మీలో కొందరు చూసే ఉంటారు. చూడనివారు మీ తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి, చెబుతారు. బస్తాలన్నీ ఎక్కించాక బండివాడు ముందుకు వచ్చి, కాడి కింద చెయ్యి పెట్టి, ఒకసారి పైకెత్తి చూస్తాడు. కాడి మరీ బరువుగా ఉంటే ఒక బస్తాను వెనక్కు జరుపుతాడు. కాడి తేలిపోతున్నట్టుంటే ఒక బస్తాను ముందుకు జరుపుతాడు. అంతేగాని బస్తాలు తీసివెయ్యడు. పది బస్తాలు వేస్తే పదీ బండిలోనే ఉంటాయి. బరువు తగ్గలేదు, అది పడేచోటు మాత్రం మారింది.

ఈ పని బండివాడు ఎందుకు చేస్తాడో తెలుసా? ముందు బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలను నొక్కేస్తుంది. నాలుగడుగులు వేసేసరికి అవి అలసిపోతాయి. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. అప్పుడు మెడకింద కట్టిన తాడు ఎద్దుల గొంతుకు బిగుసుకుంటుంది. అందుచేత బరువు ముందు ఇంత, వెనక ఇంత అని సరిపెట్టాలి. ఈ విద్య మన పల్లెలలో బళ్ళు తోలేవారికి ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు.

సరిగ్గా ఈ విద్యే ఎద్దులూ, చక్రాలూ లేని ఒక బండికి కూడా కావాలి. అది మంచుమీద పోయే మోటారు బండి. దాని పేరు స్నోమొబైల్. మన దేశంలో దీన్ని స్నో స్కూటరు అని కూడా అంటారు. ఈ నెల దాని సంగతి చెప్పుకుందాం.

మంచులో బండి ఎలా పుట్టింది?

కెనడాలో క్విబెక్ అనే రాష్ట్రం ఉన్నది. అక్కడ చలికాలం వస్తే నెలల తరబడి నేలంతా మంచే. ఆ రాష్ట్రంలో వాల్‌కోర్ట్ అనే ఊరు ఉన్నది. ఆ ఊళ్ళో 1907లో జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియే పుట్టాడు. అతనికి చిన్నప్పటినుంచీ యంత్రాలంటే ప్రాణం. 1922లో, పదిహేనేళ్ళ వయసులో, పాత ఫోర్డు కారు ఇంజను ఒకటి తీసుకుని దానికి విమానానికి ఉండేలాంటి పంకా తగిలించి, మంచుమీద జారే బండి తయారుచేశాడు. బండి నడిచింది! కాని ఆ పంకా రెక్కలు ఎవరికైనా తగిలితే ఇంకేమన్నా ఉన్నదా? వాళ్ళ నాన్న భయపడి, దాన్ని వెంటనే విప్పెయ్యమన్నాడు.

ఆ రోజుల్లో చలికాలం వస్తే పల్లెల రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయేవి. కార్లు కదిలేవి కావు. గుర్రాలు కట్టిన జారుడు బళ్ళే గతి. 1934 చలికాలంలో బొంబార్డియే రెండేళ్ళ కొడుకు యివాన్‌కు అపెండిసైటిస్ వచ్చింది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. కాని దారి అంతా మంచు. పిల్లవాడు దక్కలేదు.

మంచుమీద వేగంగా పోయే బండి అంతకుముందు అతనికి ఒక సరదా. ఆ తరువాత అది పట్టుదల అయింది. మంచులో కూరుకుపోకుండా బండిని ముందుకు తోసే పళ్ళచక్రమూ, దానిమీద తిరిగే రబ్బరు ట్రాకూ కనిపెట్టి 1937లో పేటెంటు సంపాదించాడు. ఏడుగురు కూర్చునే బండి ముందు వచ్చింది, తరువాత పన్నెండుగురు కూర్చునే బండి వచ్చింది. అవి డాక్టర్లను ఊళ్ళకు చేర్చాయి, రోగులను ఆసుపత్రులకు చేర్చాయి, ఉత్తరాలు మోశాయి, పిల్లలను బడికి తీసుకుపోయాయి. 1959లో అతను ఒకరో ఇద్దరో ఎక్కే చిన్న బండిని తయారుచేశాడు. అదే స్కీ-డూ. బొంబార్డియే 1964లో చనిపోయాడు. ఈనాడు మంచు దేశాలలో వాడే చిన్న స్నోమొబైల్ రూపం దాదాపు ఆ స్కీ-డూ రూపమే.

బండిలో ఏమేమి ఉన్నాయి?

ఈ బండికి ముందు రెండు స్కీలు ఉంటాయి. స్కీ అంటే కొస పైకి వంగిన పొడుగాటి పలక. వెనక ఒక వెడల్పాటి రబ్బరు ట్రాకు ఉంటుంది. ఇంజను ఈ ట్రాకును గిరగిర తిప్పుతుంది. ట్రాకుమీద ఉన్న ఎత్తు పళ్ళు మంచును పట్టుకుని బండిని ముందుకు తోస్తాయి. నడిపేవాడు సీటుమీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని, మోటారు సైకిలు హ్యాండిలు లాంటి హ్యాండిలు పట్టుకుంటాడు. హ్యాండిలు తిప్పితే స్కీలు తిరుగుతాయి. స్కీలు తిరిగిన వైపుకు బండి తిరుగుతుంది.

స్కీ కింద మధ్యగా ఒక సన్నని కడ్డీ ఉంటుంది. దానికి చాలా గట్టి లోహం పలుకులు పొదిగి ఉంటాయి. అది మంచును కోస్తూ పోతుంది. నున్నటి పలక మంచుమీద పక్కకు జారిపోతుంది గద, అలా జారిపోకుండా ఆ కడ్డీయే పట్టు ఇస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కొన్ని బళ్ళలో హ్యాండిలు తిప్పటం మహా కష్టంగా ఉంటుంది. బయలుదేరిన గంటకే భుజాలు లాగేస్తాయి, మణికట్లు నొప్పిపెడతాయి. అలసిన చేతులతో మలుపు తిప్పబోతే ఆలస్యం అవుతుంది. అడవిదారిలో మలుపు పక్కనే చెట్టు ఉంటుంది. కాబట్టి ఇది వట్టి సుఖం సంగతి కాదు, ప్రాణం సంగతి.

ఎందుకు అంత బరువు? ఏటి ఒడ్డుకు పోయినప్పుడు ఒక పని చేసి చూడండి. ఒక కర్రను తడి ఇసుకమీద తేలిగ్గా ఆనించి పక్కకు లాగండి. సులువుగా వస్తుంది. ఈసారి కర్రను ఇసుకలోకి బలంగా నొక్కి పక్కకు లాగండి. రానంటుంది! స్కీ కూడా అంతే. దానిమీద బరువు ఎక్కువ పడితే కింది కడ్డీ మంచులోకి మరింత దిగుతుంది. అలా దిగిన కడ్డీని పక్కకు తిప్పాలంటే చేతులలో చాలా బలం కావాలి.

ఒక లెక్క చూద్దాం. బండీ, మనిషీ కలిసి 300 కిలోలు అనుకోండి. అందులో 100 కిలోలు స్కీలమీద, 200 కిలోలు ట్రాకుమీద పడుతున్నాయి అనుకోండి. స్కీకి 50 కిలోలన్నమాట. స్కీలమీది బరువులో 20 కిలోలు ట్రాకుమీదికి జరపగలిగితే, స్కీకి 40 కిలోలే పడతాయి. బండి బరువు మాత్రం ఆ 300 కిలోలే! మన బండివాడు బస్తాను వెనక్కు జరిపినట్టే ఇదీ.

కాని స్నోమొబైల్‌లో జరపటానికి బస్తాలు లేవు. ఇంజను బిగించినచోట ఉంటుంది. మనిషి సీటుమీద ఉంటాడు. మరి బరువును ఎలా జరపటం?

కీలకం వెనక ఉన్నది

చెయ్యి నొప్పి ముందు ఉన్నది గనక, మందు కూడా ముందే వెయ్యాలని ఎవరికైనా తోస్తుంది. కాని ఈ బండిలో మందు చాలాసార్లు వెనక ఉంటుంది. సీటు కింద, ట్రాకు లోపల ఉంటుంది.

లారీకి కమాన్లు ఉంటాయి. గతుకులు వచ్చినప్పుడు అవి వంగి, కుదుపును మింగేస్తాయి. స్నోమొబైల్‌కు ట్రాకు లోపల అలాంటి ఏర్పాటు ఉంటుంది. రెండు పొడుగాటి పట్టాలు కలిసిన ఒక చట్రం, దాని కిందుగా జారుతూ తిరిగే ట్రాకు. ఈ చట్రాన్ని బండికి రెండు ఇనప చేతులు పట్టుకుని ఉంటాయి. ఒకటి ముందు చెయ్యి, ఒకటి వెనక చెయ్యి. రెండింటికీ స్ప్రింగులు ఉంటాయి.

ముందు చేతి దగ్గర ఉండేది చుట్ట స్ప్రింగు. మోటారు సైకిలు వెనక చక్రం దగ్గర మీరు చూసినలాంటిదే. వెనక చేతి దగ్గర చాలా బళ్ళలో రెండు మెలిక స్ప్రింగులు ఉంటాయి. బట్టలు ఆరవేసినప్పుడు పెట్టే క్లిప్పును విప్పి చూడండి. అందులో ఉన్న చిన్న స్ప్రింగుకు ఇది పెద్దన్నయ్య.

ఇక స్కీలకు కూడా స్ప్రింగులు ఉన్నాయి. అంటే బండి మొత్తం మూడుచోట్ల స్ప్రింగులమీద నిలబడి ఉన్నది. ముందు స్కీల దగ్గర, నడుమ ముందు చేతి దగ్గర, చివర వెనక చేతి దగ్గర. ఈ మూడుచోట్లా కలిసి మొత్తం బరువును పంచుకుంటాయి. ఒకచోట స్ప్రింగు ఎక్కువ బలంతో పైకి తోస్తే, మిగతాచోట్ల వాటాలు మారిపోతాయి. ఎలా మారతాయో చెప్పేకంటే, మీరే చేసి చూడటం మంచిది.

ఇంట్లో చెయ్యదగిన ప్రయోగం

కావలసినవి: వంగని చెక్కపలక, సుమారు రెండు జానల పొడుగుది, ఒకే కొలత గల మూడు స్పాంజి ముక్కలు, వంటింట్లో పిండీ, పప్పూ తూచే చిన్న తూకం యంత్రం, ఒక బరువైన పుస్తకం, నాలుగు అట్టముక్కలు. తూకం యంత్రాన్ని అమ్మను అడిగి తీసుకోండి.

తూకం యంత్రాన్ని బల్లమీద పెట్టి దానిమీద ఒక స్పాంజి ముక్క ఉంచండి. అదే ఎత్తు వచ్చేలాగ నోటుపుస్తకాలు పేర్చి, మిగతా రెండు స్పాంజి ముక్కలను వాటిమీద ఉంచండి. మూడు ముక్కలూ ఒకే వరసలో, ఒక దానికొకటి ఒకే దూరంలో ఉండాలి. పలకను మూడింటిమీదా ఆనేలాగ పెట్టండి. పలక నడుమ పుస్తకం పెట్టండి. ఇప్పుడు తూకం యంత్రం ఎంత చూపుతున్నదో కాగితంమీద రాసుకోండి. తూకం యంత్రంమీది స్పాంజి మన స్కీ. నడుమది ముందు చెయ్యి. చివరది వెనక చెయ్యి.

మొదటి పరీక్ష: చివరి స్పాంజి కింద రెండు అట్టముక్కలు దూర్చండి. తూకం చూడండి. పెరిగింది! వెనక ఎత్తు పెంచితే ముందు బరువు పెరిగిందన్నమాట. నడుమ స్పాంజిమీద ఊగే పలక వెనక కొసను పైకి ఎత్తితే ముందు కొస కిందకు నొక్కుతుంది గద! ఎడ్లబండి వెనక భాగాన్ని ఎవరైనా పైకి ఎత్తితే కాడి ఎద్దుల మెడలమీద నొక్కటం కూడా ఇదే.

రెండో పరీక్ష: ఆ అట్టముక్కలు తీసి నడుమ స్పాంజి కింద దూర్చండి. తూకం తగ్గింది! నడుమ స్పాంజి ఎక్కువ బరువు తన నెత్తిన వేసుకుని, రెండు కొసలనూ తేలికపరచింది.

ఈ రెండు పరీక్షలలోనే స్నోమొబైల్ హ్యాండిలును తేలికచేసే విద్య అంతా ఉన్నది.

మరమ్మతుదారు చేసే మూడు పనులు

మొదటి పని వెనక మెలిక స్ప్రింగులది. ఇవి ఎక్కువ బిగువుగా ఉంటే బండి వెనక భాగం ఎత్తుగా నిలబడుతుంది, ముక్కు కిందకు దిగుతుంది, స్కీలు బరువెక్కుతాయి. మన మొదటి పరీక్షలో అట్టముక్క పెట్టినట్టే. చాలా బళ్ళలో ఈ స్ప్రింగు కొస ఒక దిమ్మమీద ఆని ఉంటుంది. ఆ దిమ్మను స్పానరుతో తిప్పితే బిగువు ఒక్కొక్క మెట్టు పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. ఒక మెట్టు తగ్గిస్తే వెనక కాస్త దిగుతుంది, హ్యాండిలు తేలికపడుతుంది. కుడి పక్కా, ఎడమ పక్కా ఒకే మెట్టులో ఉండాలి సుమా!

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. లావుపాటి మామయ్య తన బరువుకు తగినట్టు వెనక స్ప్రింగులు బిగించుకున్నాడనుకోండి. ఆయనకు బండి చక్కగా తిరుగుతుంది. మరునాడు సన్నపాటి పిన్ని ఎక్కింది. ఆమె బరువుకు వెనక స్ప్రింగులు వంగనే వంగవు. ముక్కు దిగే ఉంటుంది. పాపం, ఆమెకు హ్యాండిలు ఇనప గుండులా ఉంటుంది. బండి పాడైపోలేదు, మనిషి మారింది. అంతే. ఇద్దరు ఎక్కటానికి బిగించిన బండిని ఒక్కరే నడిపినా ఇదే జరుగుతుంది.

మరి బిగువు సరిగా ఉన్నదని ఎలా తెలుస్తుంది? కొలిచి చూస్తారు. ముందుగా బండి వెనక భాగాన్ని స్ప్రింగులు పూర్తిగా సాగేవరకూ పైకి ఎత్తి, నేలనుంచి వెనక కమ్మీ ఎంత ఎత్తున ఉన్నదో కొలుస్తారు. తరువాత నడిపేవాడు చలిదుస్తులూ, బూట్లూ అన్నీ వేసుకుని సీటుమీద కూర్చుంటాడు. మళ్ళీ కొలుస్తారు. ఈ రెండు కొలతల తేడా, మనిషి బరువుకు బండి ఎంత దిగిందో చెబుతుంది. చాలా బళ్ళకు స్ప్రింగులు మొత్తం ఆడే దూరంలో నాలుగో వంతునుంచి మూడో వంతు దాకా దిగితే సరి. వెనక భాగం మొత్తం 36 సెంటీమీటర్లు ఆడే బండి అయితే 9నుంచి 12 సెంటీమీటర్ల దాకా దిగాలన్నమాట. అంతకంటే తక్కువ దిగితే స్ప్రింగు బిగువు ఎక్కువ. అంతకంటే ఎక్కువ దిగితే బిగువు చాలదు. అప్పుడు గతుకుల్లో బండి అడుగంటా దిగి నడుం విరగ్గొడుతుంది.

రెండో పని ముందు చేతి దగ్గరి చుట్ట స్ప్రింగుది. దీనికి మరచుట్టు గల రింగు ఉంటుంది. రింగును తిప్పి స్ప్రింగును కొంచెం నొక్కిపెడితే, అది ట్రాకు ముందు భాగాన్ని మంచులోకి ఎక్కువ బలంతో తోస్తుంది. బండిని ఎక్కువ బలంతో పైకి ఎత్తుతుంది. ఇది మన రెండో పరీక్ష. స్కీలు తేలికపడతాయి.

మూడో పని పట్టీది. ముందు చెయ్యి ఇష్టం వచ్చినంత కిందకు సాగకుండా దానికి ఒక గట్టి పట్టీ కట్టి ఉంటుంది. కొన్ని బళ్ళకు రెండు. పట్టీకి బెల్టుకు ఉన్నట్టు బెజ్జాలుంటాయి. పట్టీని పొట్టిచేస్తే ట్రాకు ముందు భాగం పైకి లాగబడుతుంది, ఆ బరువు స్కీలమీద పడుతుంది. పట్టీని ఒక బెజ్జం వదులు చేస్తే ట్రాకు ముందు భాగం కిందకు దిగి, తన వాటా బరువు తాను మోస్తుంది. స్కీలు తేలిక! రెండు పట్టీలు ఉంటే రెండూ సమంగా వదలాలి. పట్టీ మార్చాక ట్రాకు బిగువు కూడా మారుతుంది గనక, దాన్ని తప్పకుండా చూసుకోవాలి.

తొందరపడి స్పానరు పట్టకూడదు

జ్వరం రావటానికి కారణాలు అనేకం ఉన్నట్టే, హ్యాండిలు బరువెక్కటానికి కూడా కారణాలు అనేకం ఉంటాయి. మంచి మరమ్మతుదారు ముందు చిన్నవి చూస్తాడు. హ్యాండిలునుంచి స్కీలదాకా ఉన్న కీళ్ళలో గ్రీజు ఉన్నదా? అక్కడ మంచు గడ్డకట్టిందా? ఏదైనా కడ్డీ వంగిందా? స్కీలు రెండూ సరైన వరసలో ఉన్నాయా, లేక ఒకటి తూర్పూ, ఒకటి పడమరా చూస్తున్నాయా? స్కీల కింది కడ్డీలు అరిగిపోయాయా? లేక కొత్తవి వేస్తూ మరీ పొడుగాటి పలుకులు ఉన్నవి వేశారా? ఇవన్నీ సరిగ్గా ఉంటేనే స్ప్రింగుల జోలికి పోతాడు.

స్ప్రింగుల పనిలో కూడా అతనికి ఒక నియమం ఉన్నది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, అది కూడా ఒక్క మెట్టే. మార్చక ముందు ఎలా ఉన్నదో రాసిపెట్టుకోవాలి. బండిని ఖాళీ మైదానంలో నెమ్మదిగా నడిపి చూడాలి. బాగుంటే ఉంచాలి, బాగా లేకపోతే మొదటి స్థానానికి తిప్పెయ్యాలి. మూడు మరలూ ఒకేసారి తిప్పేస్తే, మేలు దేనివల్ల జరిగిందో, కీడు దేనివల్ల జరిగిందో ఎవరికి తెలుస్తుంది? బడిలో ప్రయోగాలు చేసేటప్పుడు మీ సైన్సు మాస్టారు చెప్పేది కూడా ఇదే గద!

ఇంకో మాట. ఈ పనులు పెద్దవాళ్ళు చెయ్యవలసినవి. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, బండిని తయారుచేసినవారి పుస్తకం దగ్గర పెట్టుకుని చెయ్యాలి. బిగించి ఉన్న మెలిక స్ప్రింగు జారితే చెయ్యి విరగ్గొడుతుంది. పిల్లలు దూరంనుంచి చూడవచ్చు, లెక్కలు రాసిపెట్టవచ్చు.

మరీ తేలికైతే?

"అలా అయితే స్కీలమీద బరువంతా తీసేస్తే ఇంకా హాయి గద!" అని మీలో ఎవరికైనా అనిపించిందా? అక్కడే ఉన్నది చిక్కు. వెనక బరువైతే ఎడ్లబండి కాడి పైకి లేచిపోయింది, జ్ఞాపకం ఉన్నదా? ఇక్కడ స్కీలు లేచిపోతాయి. హ్యాండిలు ఒక వేలితో తిరుగుతుంది. స్కీలు కూడా తిరుగుతాయి. కాని బండి తిరగదు! స్కీ కింది కడ్డీకి మంచులో పట్టు లేదు గనక, స్కీలు పక్కకు తిరిగి ఉన్నా బండి మలుపు దగ్గర తిన్నగానే పోతుంది. చేతికి బరువైన హ్యాండిలుకంటే ఇది మరీ ప్రమాదం. బరువు హ్యాండిలు ముందుగానే నొప్పితో హెచ్చరిస్తుంది. మరీ తేలికైన హ్యాండిలు మలుపు వచ్చేదాకా ఏమీ చెప్పదు.

పైగా బండి నడిచేటప్పుడు బరువు ఊరికే ఉండదు, ముందుకూ వెనక్కూ పోతూ ఉంటుంది. బస్సు ఒక్కసారిగా బయలుదేరితే మీరు వెనక్కు పడబోతారు. డ్రైవరు బ్రేకు వేస్తే ముందుకు పడబోతారు. స్నోమొబైల్‌లో కూడా అంతే. వేగం పెంచితే బరువు వెనక్కు పోయి ముక్కు లేస్తుంది, స్కీలు తేలుతాయి. వేగం తగ్గిస్తే బరువు ముందుకు వచ్చి స్కీలు మంచును పట్టుకుంటాయి. అందుకే ఆరితేరినవారు మలుపు రాకముందే వేగం తగ్గించి, స్కీలకు పట్టు దొరికాక బండిని తిప్పుతారు.

నడిచే దారినిబట్టి కూడా ఈ లెక్క మారుతుంది. కొండలమీద నడుములోతు మెత్తటి మంచులో ముక్కు తేలికగా ఉండటమే మేలు, లేకపోతే స్కీలు కూరుకుపోతాయి. మలుపులు ఎక్కువగా ఉన్న గట్టి దారిలో స్కీలమీద కాస్త బరువు ఉండాలి. కనక అన్ని చోట్లకూ, అందరికీ సరిపడే కొలత ఒకటి లేదు. మనిషిని చూసి, దారిని చూసి సరిపెట్టుకోవాలి.

మన వాళ్ళకూ పని ఉన్నది

మనకు ఇక్కడ ఎండలే గాని మంచు లేదు గద, ఈ గొడవ మనకెందుకు అనుకోకండి. అంటార్కిటికా మంచు ఖండంలో మన దేశం 1989లో మైత్రి అనే పరిశోధనా కేంద్రాన్నీ, 2012లో భారతి అనే కేంద్రాన్నీ ప్రారంభించింది. ఆ ఖండంలో పనిచేసిన మన శాస్త్రజ్ఞులు స్నో స్కూటర్లు వాడారు. హిమాలయాలలో మంచుమీద కాపలా కాసే మన సైనికులు కూడా వాడారు. మీలో ఎవరైనా రేపు శాస్త్రజ్ఞులై అక్కడికి పోవచ్చు. మీ అన్నయ్యో, బాబాయో కెనడాలోనో, అమెరికాలోని మిన్నెసోటాలోనో ఉంటే వారిని అడిగి చూడండి. చలికాలంలో ఈ బళ్ళు అక్కడ ఎన్నో కనిపిస్తాయి.

మంచుదాకా పోలేనివారు సైకిలుమీద కూడా ఈ విద్యను గమనించవచ్చు. సైకిలు ముందు బుట్టలో పుస్తకాలన్నీ వేసి హ్యాండిలు తిప్పి చూడండి. తరువాత ఆ పుస్తకాలనే వెనక క్యారియరుమీద కట్టి చూడండి. సైకిలును నడిపించుకుంటూ చూడండి గాని, రోడ్డుమీద తొక్కుతూ చూడకండి.

చివరకు మీకొక ప్రశ్న. మన ప్రయోగంలో పలక నడుమ పెట్టిన పుస్తకాన్ని ముందుకు, అంటే తూకం యంత్రం వైపుకు జరిపితే తూకం పెరుగుతుందా, తగ్గుతుందా? మలుపు దగ్గర స్నోమొబైల్ నడిపేవాడు సీటుమీద ముందుకు జరిగి, ఛాతీ ముందుకు వంచుతాడు. ఎందుకు? ముందు ఆలోచించి జవాబు కాగితంమీద రాయండి. ఆ తరువాతనే తూకం చూడండి. మీ జవాబూ, తూకం చెప్పిన జవాబూ ఒకటే అయితే మీరు మంచి మరమ్మతుదారులన్నమాట!